ఇంకొక్క చుట్టు

బండబర్గ్, క్వీన్స్‌లాండ్

క్లారీ గారికి,

మన మధ్య పరిచయం మా పెళ్ళిలో చూసుకున్నంతే. వియత్నాంలో మీరు నడిపిన గన్‌షిప్ హెలికాప్టర్‌లో తుపాకి దగ్గర కూర్చున్న లిండ్సే భార్యను నేను.

ఆయనకు మతిమరుపు ముదిరింది. రోజూ టీ తాగాక, అప్పట్లో ఆయన తీసిన ఫోటోలు ఒళ్ళో పరుస్తాను. యాభై ఏళ్ళుగా నాకు చూపించని ఫోటోలవి. మబ్బులు, మెలికలు తిరిగే నది, తలుపు లేని గుమ్మంలోంచి అడవి, మీ వీపు. చూస్తుంటే మా వరండా కూడా మెల్లగా నేల విడిచినట్టు, చెరుకు తోటలు ఎక్కడో కింద ఊగుతున్నట్టు ఉంటుంది.

పొగ లేస్తున్న అడవి ఫోటో దగ్గర మాత్రం ఆయన ఆగిపోతారు. నా చెయ్యి పట్టుకుని, "క్లారీ, ఇంకొక్క చుట్టు తిప్పరా! మనవాళ్ళు ఐదుగురూ ఆ చెట్ల కిందే ఉన్నార్రా. పెట్రోలు చాలకపోతే నన్ను దింపేసి పో" అని ఏడుస్తారు.

నిన్న తట్టుకోలేకపోయాను. గొంతు బొంగురు చేసుకుని, "వెనకొచ్చిన హెలికాప్టర్ అందర్నీ ఎక్కించుకుందిరా సన్నాసీ! పద ఇంటికి" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా" అని నవ్వి, ఫోటో మీద చెయ్యి పెట్టుకునే నిద్రపోయారు.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. నేనన్నది నిజమైతే, మీరొచ్చి ఆయనకు మళ్ళీ చెప్పండి. కాకపోతే ఈ ఉత్తరానికి జవాబు రాయకండి.

మీ స్నేహితుడి భార్య