దండ వేసిన సిలిండరు

మచిలీపట్నం,
అక్టోబరు 6

ప్రియమైన నాన్నగారికి,

ఫోనులో మిమ్మల్ని మాట్లాడనివ్వనని ఫిర్యాదు చేశారు కాబట్టి కాగితం మీద వాదిస్తున్నాను. చివరిదాకా చదవండి.

ఆయుధపూజకు ఆటోనగర్‌లో మన బస్సు సీట్ల షెడ్డుకు వచ్చినప్పుడు చూశాను. మంటలార్పే ఎర్ర సిలిండరుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఎవరూ ఎత్తుకుపోకుండా దాన్ని కిటికీ ఊచకు తీగతో బిగించారు. వెనక తలుపుకు అడ్డంగా నడుమెత్తు ఫోము షీట్లు. శౌరయ్య బాబాయి రోజూ వెల్డింగు చేసేది వాటికి పది అడుగుల దూరంలో!

పూజను తప్పుపట్టడం లేదు. చేతికి అందని రక్షణ రక్షణ కాదంటున్నాను. ఫోము అంటుకుంటే మంటకన్నా ముందు పొగ చంపుతుంది. ఆ ఒకటి రెండు నిమిషాల్లో మీరు ఐదుగురూ కటింగ్ ప్లయరు వెతుక్కుంటారా? నాకు కావలసింది సమాధానం, నవ్వు కాదు.

మీ కుమార్తె,
సాయిశ్రీ


విజయవాడ,
అక్టోబరు 15

ప్రియమైన శ్రీతల్లీ,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. "మన అమ్మాయి ఫైరింజనుకన్నా గట్టిగా మోగుతోందండీ" అన్నాడు శౌరయ్య.

ఇరవై రెండేళ్లుగా ఈ షెడ్డులో బీడీ కూడా వెలగనివ్వలేదమ్మా. తీగ తీస్తే సిలిండరు పక్క షెడ్డుకు నడిచిపోతుంది. నువ్వు కాలేజీ వక్తృత్వ పోటీ సంగతి చూసుకో. కప్పు గెలిస్తే ఫొటో పంపు. అమ్మ పంపిన కందిపొడి అందిందా?

ఆశీస్సులతో,
నాన్న రామకోటేశ్వరరావు


మచిలీపట్నం,
నవంబరు 21

ప్రియమైన నాన్నగారికి,

కప్పు గెలిచాను. విషయం అగ్నిప్రమాదాల నివారణే. ఫొటో మాత్రం పంపడం లేదు.

గెలిచిన నాలుగో రోజు హాస్టలు వంటింట్లో మూకుడులో నూనె అంటుకుంది. కాగే నూనె మంట మీద నీళ్లు పోయకూడదని సభ నిండా జనానికి చాటిన నేను, నీళ్ల బిందె ఎత్తాను. వంటచేసే సువార్తమ్మ గారు నా చెయ్యి పట్టేసుకున్నారు. "ఆగమ్మా! కొంప ముంచుతావా?" అంటూనే గ్యాసు కట్టేసి, మూకుడు మీదికి మూత జార్చారు. ఆరిపోయింది. తరువాత అడిగితే, "మూత ఎప్పుడూ పక్కనే ఉంటదమ్మా. చేతికి అలవాటు" అన్నారు.

నా వాదన నెగ్గింది, నా చెయ్యి ఓడింది. కాబట్టి నా డిమాండును సవరిస్తున్నాను: తీగ తీస్తే చాలదు, సిలిండరును అందరూ ఎత్తి చూడాలి, మళ్లీ మళ్లీ. ఈసారి గెలవడానికి రాయడం లేదు నాన్నా. భయమేసి రాస్తున్నాను.

మీ
సాయిశ్రీ


విజయవాడ,
నవంబరు 27

శ్రీతల్లీ,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. షెడ్డు మంగళవారం అంటుకుంది.

కంగారు పడకు, ఐదుగురం క్షేమం. వెల్డింగు రవ్వ ఎగిరి ఫోము మీద పడింది. శౌరయ్య మెయిన్ స్విచ్ కట్టేసి "బయటికి, బయటికి!" అని అరిచాడు. మిగతా ముగ్గురూ వెనక తలుపులోంచి బయటపడి 101కి ఫోను చేశారు. నేను సిలిండరు పిన్ను లాగి మంట మొదలుకేసి కొట్టాను. ఆరు షీట్లు కాలాయి, అంతే.

తీగ ఏమైందంటావా? నీ మొదటి ఉత్తరం చదివిన సాయంత్రమే కత్తిరించాను. తలుపు దగ్గరి షీట్లు తీయించాను, సిలిండరు కొత్తగా నింపించాను. అప్పటినుంచీ ప్రతి శనివారం పని కట్టేసే ముందు అందరం ఉత్తుత్తి మంటకు పరుగెత్తుతున్నాం. మొదటి వారం సిలిండరు కిందికి దించడానికే నాకు నిమిషం పట్టింది. నీకు రాయలేదు. నువ్వు గెలిచావని ఒప్పుకోవడానికి మనసొప్పలేదమ్మా. ఇదిగో, ఒప్పుకున్నాను.

దండ మాత్రం మానలేదు. సిలిండరు తగిలించిన మేకుకు వేస్తున్నాం, దాని మెడ ఖాళీ. వచ్చే శనివారం బస్సెక్కి రా. బిందె ఎత్తిన ఆ చేతికి కూడా అలవాటు చేద్దాం.

నీ చేతిలో ఓడి బతికిన
నాన్న