వేదిక మీద మొదటి ముద్ద

నాన్నా,

పిన్నివాళ్ళ వంటగది గట్టు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నువ్వు అరుస్తావు, నేను నీకంటే పెద్దగా అరుస్తాను, అసలు మాట అక్కడే చచ్చిపోతుంది. అందుకే ఉత్తరం.

ఆదివారం మీ కంపెనీ ఎంజైమ్ పొడి అమ్మకాల సభకు వస్తాను. ఎప్పటిలాగే అందరి ముందూ భోంచేస్తాను. కానీ నీ పొడి కలిపిన నీళ్ళు తాగను. ఆస్పత్రివాళ్ళిచ్చిన మాత్ర జేబులోంచి తీసి, మొదటి ముద్దతో పాటు, జనం చూస్తుండగా మింగుతాను. ఎందుకో మైకులో చెబుతాను కూడా.

నా క్లోమం పనిచేయదు. పిండినీ, మాంసకృత్తుల్నీ, కొవ్వునీ విడగొట్టే ఎంజైములు నా పేగుల్లోకి రావు. అవి మాత్రగా బయటినుంచి, తిండితో పాటే చేరాలి. నీ పొడిలోవి కడుపులో ఆమ్లానికే చచ్చిపోతాయి, పేగుల దాకా రావు. ఇదంతా ఆస్పత్రి వరండాలో పంచే కరపత్రాలు చదివి నేర్చుకున్నదే. "కరపత్రాల డాక్టరమ్మ వచ్చింది" అని నవ్వుతావుగా, నవ్వు. నువ్వు పొడి అమ్మేదీ కరపత్రంతోనే. నీదాంట్లో పువ్వుల బొమ్మలు ఎక్కువ, అంతే తేడా.

ఇన్నాళ్ళూ నన్నేం చేయించావు? "ఆ మాత్ర తెర వెనకే వేసేసుకో తల్లీ, జనం చూస్తే బాగోదు." వేసుకునేదాన్ని. నీ ఉపన్యాసం అయ్యి పళ్ళెం ముందుకొచ్చేసరికి, తిండి కంటే ముందే మందు దాటిపోయేది. ఇంటికొచ్చాక కడుపు పట్టుకుని మెలికలు తిరిగేదాన్ని. "మా అమ్మాయిని చూడండి, పొడితోనే నిలబడింది" అని నువ్వన్నప్పుడు మోగే చప్పట్లున్నాయే, అవి అంతకంటే ఎక్కువ నొప్పి. నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో మన వీధి చివరి టైలరక్క ఉంది. ఆవిడకీ నా జబ్బే. నన్ను చూసి ఆస్పత్రి మాత్రలు మానేసి నీ పొడి పట్టుకుంది. "ఎంత సన్నబడ్డావో చూడు, పొడి మహిమ!" అని నువ్వు మెచ్చుకున్నావట. అది సన్నబడటం కాదు నాన్నా, తిన్నది ఒంటికి పట్టక చిక్కి శల్యమవడం. ఊరందరి కొలతలు తీసే మనిషి తన జాకెట్ల కుట్లే విప్పి విప్పి బిగించుకుంటోంది. నేను చెబితే ఏమందో తెలుసా? "నువ్వు చిన్నపిల్లవి, ఆవేశం ఎక్కువ. మీ నాన్న చెప్పనీ, అప్పుడు మానేస్తా." అలాంటి మనిషిని ఆదివారం నా పక్కన కూర్చోబెడతావట, కొత్త సాక్ష్యంగా!

ఈలోగా వెళ్ళి ఆవిడకు నిజం చెప్పు. లేదా నేను చెబుతాను. ఇంటి పరువు అని మాత్రం అనకు. పరువు తిని ఎవరికీ బలం రాదు.

నీ మొండిఘటం

*

నాన్నా,

ఆదివారం దాకా నువ్వు ఆవిడకు నిజం చెప్పలేదు. నేను అన్నంత పనీ చేశాను. "ఈ మాత్ర లేకపోతే నేను లేను. నా జబ్బుకు ఈ పొడి పనికిరాదు" అన్నాను. వెంటనే ముందు వరసలోంచి ఒక బొజ్జాయన లేచాడు.

"అమ్మాయ్, ఆ మాత్రల పేరేంటి? మాకూ నాలుగు డబ్బాలు ఇప్పించు."

"మీకేం జబ్బండీ?"

"జబ్బేం లేదమ్మా. ముందుజాగ్రత్త!"

ఒళ్ళు మండిపోయింది. "మీ క్లోమం లక్షణంగా పనిచేస్తోంది, ఆ బొజ్జే సాక్ష్యం! మీకిదీ వద్దు, అదీ వద్దు" అని అరిచాను. హాలంతా గొల్లుమంది.

టైలరక్క నవ్వలేదు. నా వైపు చూడనైనా లేదు. "ఏమన్నయ్యా, పిల్ల చెప్పేది నిజమేనా?" అని నిన్నే అడిగింది.

మీ కంపెనీ పెద్ద ఏజెంటు నీ చొక్కా అంచు పట్టి లాగుతున్నాడు. నువ్వు అబద్ధమాడితే విసిరేద్దామని పళ్ళెం గట్టిగా పట్టుకున్నాను, ఒట్టు. నువ్వేమో మైకు పక్కన పెట్టేసి, "నిజమే చెల్లెమ్మా. పొడి మానెయ్. నిన్ను చూసి మెచ్చుకున్నానే, అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నోరు రాలేదు" అన్నావు. నీతో యుద్ధానికి ఎన్ని మాటలు నూరుకొచ్చాను! ఒక్కటీ వాడనివ్వలేదు.

నీ పని పోయిందని పిన్ని చెప్పింది. నేను క్షమాపణ అడగను. మళ్ళీ చేయాల్సొస్తే మళ్ళీ చేస్తాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పాల్సిన మాట అంతమంది ముందు అడిగించుకున్నావు, ఆ కోపం తగ్గలేదు. ఇంటికి ఇప్పుడే రాను.

రేపు పొద్దున్నే టైలరక్కను ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. మొదటి బస్సు. కిటికీ పక్క సీటు ఆవిడకి. నువ్వొస్తే మనిద్దరం వెనక సీట్లో కూర్చుందాం. దారి పొడుగునా పోట్లాడుకోవచ్చు.

నీ కూతురు