మీ అబ్బాయి శ్రుతి

పూజ్యులైన అత్తయ్యకు,

కోడలు నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ ఇద్దరం కులాసా. మీ మోకాలి నొప్పి నెమ్మదించిందని చదివాక మనసు కుదుటపడింది.

మీరు రెండు మాటలు అడిగారు. మా పాటలకు ఫ్లూటు వాయిస్తూ ఇంట్లో మనిషిలా తిరిగిన అతన్ని ఎందుకు మాన్పించాననీ, మీ అబ్బాయిని వారం రోజులైనా ఒక్కణ్ణే మీ దగ్గరికి ఎందుకు పంపననీ. "మొగుణ్ణి కొంగుకి కట్టేసుకున్నావు" అని కూడా రాశారు. కోపం రాలేదు. చూసేవాళ్లకు అలాగే ఉంటుంది మరి.

పోయినేడు గొంతుకు జబ్బు చేసి లేచాక, ఆయనకు పై స్థాయి అందడం లేదు. హోటల్లో భోజనాల వేళ నా కీబోర్డుకు పాడుతుంటే గొంతు చీరుకుపోయింది. ఏదో బల్ల దగ్గర ఎవరో నవ్వారు. మర్నాడు ఆయనకు చెప్పకుండా కీబోర్డు మీద శ్రుతి మార్చే మీట నొక్కి ఒక మెట్టు దించాను. నా వేళ్లు ఎప్పటి చోటే ఆడతాయి, పాట మాత్రం కింది నుంచి పలుకుతుంది. తేడా కొట్టొచ్చినట్టు వినబడకుండా కీబోర్డులోని పియానో ధ్వని కింద వయొలిన్ల ధ్వని ఒక పొరగా పరిచాను. ఆయన హాయిగా పాడేసి, "చూశావా, గొంతు తిరిగొచ్చింది" అన్నారు. ఆ ముఖం చూశాక మీట సంగతి దాచేశాను. తర్వాత ఇంకో మెట్టు, ఇంకో పొర.

ఫ్లూటు అతను వెంటనే పసిగట్టాడు. "ఈ కింది శ్రుతికి నేను పెద్ద ఫ్లూటు తెచ్చుకుంటా వదినా, దానికేముంది. కానీ అన్నయ్యకి చెప్పేయండి" అన్నాడు. చెప్పలేక, అతన్నే రావద్దన్నాను. ఇప్పుడు ఫ్లూటు కూడా కీబోర్డులో ఒక పొరే. నా చోట ఇంకెవరు కూర్చున్నా అసలు శ్రుతిలో వాయిస్తారు కాబట్టి జ్వరమొచ్చినా నేనే వెళ్తాను. ఇక మీ గదిలో హార్మోనియం ఉంది, ఆయన దాని మీద ఎప్పటి మెట్టులో ఎత్తుకుంటే గొంతు అందదని తెలిసిపోతుంది. దానికి అబద్ధం నేర్పలేను కదా.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. శనివారం పాట మధ్యలో కరెంటు పోయి వచ్చింది. ఆరి వెలిగితే కీబోర్డు పాత శ్రుతికి వచ్చేస్తుంది. కంగారులో చూసుకోకుండా మొదటి స్వరం నొక్కేశాను. ఆయన పాట ఎత్తుకోలేదు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, నావైపు వంగి, "దించు" అన్నారు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఎప్పట్నుంచి తెలుసండీ?"

"మొదట్నుంచీ తెలుసు."

"మరి అనలేదే?"

"అంటే నువ్వు దించడం మానేస్తావనుకున్నా. అమ్మకి తెలియనీకు. మన మధ్య కూడా ఈ మాట మళ్లీ వద్దు" అన్నారు.

బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆదివారం ఆయన "ఇవాళ గొంతు కంచులా ఉంది" అన్నారు. నేను తలూపి మీట నొక్కాను. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే ఇరుక్కున్నాననుకునేదాన్ని. ఇప్పుడు ఇద్దరమని తెలిసింది, బయటపడాలని ఆయనకు లేదనీ తెలిసింది.

ఆయన వద్దన్నా మీకు రాస్తున్నాను. వచ్చే వారం ఆయన్ని మీ దగ్గరికి పంపుతాను. పాడమని మీరు అడక్కండి. తనంతట తనే పాడితే, ఎంత కింది శ్రుతిలో ఎత్తుకున్నా ఆపకండి. మీకు తెలిసినట్టు మాత్రం ముఖంలో కనబడనివ్వకండి.

ఇట్లు,
మిమ్మల్ని కూడా ఇందులోకి లాగిన
మీ కోడలు