పదకొండవ భాగం చెరపవద్దని

గాజువాక,
12-9-1988.

టెలివిజన్ కార్యక్రమాల అధికారి గారి సముఖమునకు,
విశాఖపట్నం.

అయ్యా,

విషయం: 'మేడ మీద కుళాయి' హాస్య ధారావాహిక పదకొండవ భాగం టేపును చెరపకుండా ఉంచి, ఒకసారి తిరిగి ప్రసారం చేయుట గురించి. నాలుగవ అర్జీ.

1. పై ధారావాహిక మూడేళ్ళ క్రితం పదమూడు వారాలు ప్రసారమైనది. మేడ మీద నుంచి "నీల్లొచ్చినాయేటే?" అని అరిచే తండ్రిగా పోర్టు కళాసీ శ్రీ చలమయ్య గారు నటించారు. కింద బిందె పట్టుకుని "ఇంకా రానేదు నాన్నా" అనే కూతురిని నేను. అన్ని వారాలూ నాకున్నది ఆ ఒక్క మాటే. నలుగురిలో నోరు పెగలని నేను అంతకంటే ఎక్కువ చెప్పలేనని తీసినవారికి తెలుసు.

2. తల్లిగా వేసిన శ్రీమతి పోతమ్మ గారు మునుపటిలాగే జాలరిపేటలో చేపలు అమ్ముతున్నారు. "మీ ఇంట్లో నీల్లే రావు గదా, సేపలెలా కడిగేవు?" అని బేరానికి వచ్చినవాళ్ళు అడుగుతారు. "సంద్రం మా పెరట్లోనే ఉంది, కుళాయి నువ్వే ఉంచుకో!" అంటారావిడ. వారి విషయమై ఫిర్యాదు లేదు.

3. చలమయ్య గారికి నిరుడు గొంతు ఆపరేషన్‌లో స్వరపేటిక తీసివేశారు. ఇక మాట రాదు. రేవులో క్రేను కింద జెండా ఊపుతున్నారు. ఇంట్లో ఏం కావాలన్నా పలక మీద రాస్తారు. భార్య జోగమ్మ గారికి చదువు రాదు. సాయంత్రాలు నేను వెళ్ళి చదివి వినిపిస్తున్నాను. "మంచినీళ్ళు" అని నా గొంతుతో వింటే ఆవిడ ముఖం తిప్పుకుంటారు.

4. పదకొండవ భాగంలో ఆయన తెర మీది భార్యను పిలవబోయి, అలవాటు కొద్దీ "ఓలే జోగీ!" అని కేకవేశారు. నవ్వు వచ్చిందని దాన్ని అలాగే ఉంచారు. అది ప్రసారమైన సాయంత్రం జోగమ్మ గారు వీధి కుళాయి దగ్గర వరుసలో ఉన్నారు. వినలేదు. ఆవిడ పేరు పిలిచే ఆయన గొంతు ఇక ఆ టేపులో తప్ప మరెక్కడా లేదు.

5. "నెలాఖరుకి దానిమీద ఎరువుల పోగ్రాం ఎక్కించేత్తారు" అని తమ గుమాస్తా శ్రీ కామరాజు గారు తెలిపారు. నా అర్జీలకు జవాబు వచ్చిందా అని అడిగినప్పుడల్లా "ఇంకా రానేదు నాన్నా!" అంటారు. గది అంతా నవ్వుతుంది. "ఓపాలి ఆ డైలాగు నువ్వే సెప్పమ్మా, ఫైలు కదుపుతాను" అన్నారు. మూడుసార్లూ నేను తలవంచుకుని బస్సెక్కాను.

కావున సదరు టేపును చెరపవద్దనీ, కుళాయి వచ్చే అయిదు ఆరు గంటల మధ్య కాకుండా మరే వేళనైనా ప్రసారం చేయించవలెననీ వేడుకొనుచున్నాను. ఈసారైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కె. కనకరత్నం

తా.క.: వచ్చే సోమవారం చలమయ్య గారితో కలిసి వస్తున్నాను. కామరాజు గారి బల్ల ముందు నిలబడి చలమయ్య గారు నోరు తెరిచి, నీల్లొచ్చినాయేటే అని అడుగుతారు. ఏమీ వినిపించదు. నేను మాత్రం వీధిలోకి వినిపించేలా చెబుతాను, ఇంకా రానేదు నాన్నా అని. తరువాత ఫైలు కదపండి.