గోడవైపు

శనివారం, మధ్యాహ్నం
ఆసుపత్రి వెనక వీధి, కింది గది

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నాకు అలవాటు. కానీ ఇక్కడ కుశలానికి కాస్త కొరతగా ఉంది. అక్కడ నీ దగ్గరున్నదే ఇద్దరికీ సరిపెట్టుకుందాం.

లెక్కల అమ్మమ్మ మతిమరుపు డాక్టరుకి చూపించడానికని మేమిద్దరం ఇక్కడ దిగిన సాయంత్రమే నువ్వు ఫోన్ చేసి, తప్పయిపోయింది అమ్మమ్మా, ఆసుపత్రికి దగ్గర, మెట్లు ఎక్కక్కర్లేదు, పొద్దున టిఫిన్ ఇస్తారు అన్నవరకే చదివి బుక్ చేసేశాను, అది ఎల్‌జీబీటీ వాళ్ళు నిశ్చింతగా ఉండడానికి పెట్టిన హోటలట, ఇప్పుడే చూశాను, వేరేది చూడనా అని ఊపిరి తీసుకోకుండా అడిగావు. వద్దు, నా మోకాళ్ళు ఇంకో గది దాకా నడవవు అన్నాను. ఆ అక్షరాలకి అర్థం నాకు తెలియదనుకుని నువ్వు పడ్డ కంగారు చూస్తే నవ్వొచ్చింది. పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదివే మనిషిని. చరిత్ర పాఠం చెప్పి రిటైరయినదాన్ని. రాజుల సంగతులు నీకన్నా నాకే ఎక్కువ తెలుసు.

హోటలంటే పెద్దదేమీ కాదు. పాత ఇల్లు, నాలుగైదు గదులు, గుమ్మం పక్కన ఇంద్రధనుస్సు రంగుల జెండా. ఎండకి వెలిసి ఇప్పుడు ఐదు రంగులే మిగిలాయి. నడిపేది ఇద్దరు మగవాళ్ళు. ఒకాయన వంట చూస్తాడు, ఇంకొకాయన తాళాలు చూస్తాడు. నేను మనసులో వంటాయన, తాళాలాయన అనుకుంటున్నాను. టోస్టు మాడ్చావని తాళాలాయన, మాడలేదు ఎర్రబడింది అని వంటాయన. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇదే గోల. మీ తాతయ్యా నేనూ ఇంతకన్నా కొత్తగా పోట్లాడుకున్నది ఏమీ లేదు. లోకం ఇంత బెంగపెట్టుకున్నది ఈ టోస్టు గురించా అనిపించింది.

ఇక్కడొక పద్ధతి ఉంది. దిగినవాళ్ళని మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని అడగరు. తాళాలాయన లోపలికొచ్చి, ఎవరు ఏ పక్క పడుకుంటారని మాత్రం అడుగుతాడు. మంచినీళ్ళు ఎటు పెట్టాలో, దీపం ఎటు పెట్టాలో తెలియడానికట. గదిలో ఉన్నది ఒకటే పెద్ద మంచం. మేం రిటైరయిన టీచర్లమయ్యా, ఏ పక్కయినా పరవాలేదు, ఇంకో మంచం ఉంటే వేయించు అన్నాను. క్షమించండమ్మా అని పరుగెత్తి మడతమంచం తెచ్చి గోడకి ఆనించాడు.

అందరూ ఒకే బల్ల దగ్గర తింటాం. నువ్వు చిన్నప్పుడు పెట్టిన పేరే ఇక్కడా అందరూ పట్టేసుకున్నారు, లెక్కల అమ్మమ్మ అని. మా స్కూల్లో లెక్కలు చెప్పి, ఇన్నేళ్ళూ మన పై వాటాలో అద్దెకున్న మనిషికి ఇంతకన్నా పేరెందుకులే అని నేనూ ఊరుకున్నాను. ఎదురు కుర్చీలో ఒక బస్సు డ్రైవరు కూర్చుంటాడు. సెలవు దొరికితే ఇక్కడికొచ్చి గోళ్ళకి నీలం రంగు వేసుకుంటాడు, డ్యూటీ ఎక్కేముందు దూదితో తుడిచేసుకుని పోతాడు. నిన్న పొద్దున లెక్కల అమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుని చూసి, మిగతావి బాగున్నాయి, బొటనవేలు మళ్ళీ చెయ్యి అంది, హోంవర్కు దిద్దినట్టు. అతను బుద్ధిగా మళ్ళీ వేసుకున్నాడు. ఈ ప్రయాణంలో సంతోషమంటే అదొక్కటే. తక్కింది రాస్తున్నాను, కూర్చుని చదువు.

ఇవాళ పొద్దున ఆసుపత్రికి లెక్కల అమ్మమ్మ మేనల్లుడు కూడా వచ్చాడు. మర్యాదస్తుడు. మొరటువాడయితే నా పని తేలికయ్యేది. డాక్టరమ్మ చిన్నపిల్ల. నూరులోంచి ఏడు తీసేస్తూ పొండి అంది. తొంభైమూడు అని ఠక్కున చెప్పింది మనావిడ. అక్కడ ఆగి నా వైపు తిరిగి, ఈ అమ్మాయి ఏ సెక్షను, తనకి రాక నన్నడుగుతోంది అంది. నేను నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు, ఏదో రాసుకుంది.

తర్వాత, ఇక ఇంటివాళ్ళతో మాట్లాడాలి, మీరు ఆవిడకేమవుతారండీ అని నన్నడిగింది. పిల్లలకి పానిపట్టు యుద్ధాలు మూడూ గడగడా చెప్పిన నోటితో, మేం ఒకే స్కూలండీ అని మొదలుపెట్టాను. మేనల్లుడే అందుకుని, ఇంటి ఓనరుగారండీ, చాలా మంచివారు, అత్తయ్యని కనిపెట్టుకుని ఉన్నారు అన్నాడు. అయితే మీరు కాసేపు బయట కూర్చోండమ్మా అంది ఆ పిల్ల.

బయట కూర్చున్నాను. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే, లోపల మనావిడ అటూ ఇటూ తిరిగి ఏదో వెతుక్కుంటోంది. మేనల్లుడు చేతిసంచీ అనుకుని తెచ్చి ఒళ్ళో పెట్టాడు. సంచీ పట్టుకుని కూడా వెతుకుతూనే ఉంది.

బయటికొచ్చాక అన్నీ సావధానంగా చెప్పాడు. ఇక ఆవిడని ఒంటరిగా ఉంచకూడదట. ఉన్నది ఒంటరిగా కాదు నాయనా, నేనున్నాను అన్నాను. మీకూ వయసయింది కదండీ, ఎన్నాళ్ళని మిమ్మల్ని శ్రమపెడతాం అన్నాడు. వాళ్ళ ఊళ్ళో వృద్ధులని చూసుకునే చోటు ఉంది, నర్సులుంటారు, రక్తసంబంధం ఉన్నవాళ్ళని తప్ప లోపలికి రానివ్వరు, అంత జాగ్రత్తగా చూస్తారని చెప్పాడు. రేపు పొద్దున కారు తెస్తాడు. మీరు ఇక పై వాటా నిశ్చింతగా ఎవరికైనా ఇచ్చుకోవచ్చండీ అని ధైర్యం కూడా చెప్పాడు. థాంక్స్ అన్నాను. ఓనరుని కదా.

ఎందుకు పోట్లాడలేదంటావు. నా నోటికి మీ నాన్న కూడా భయపడతాడు, నిజమే. కానీ పోట్లాడాలన్నా ఆ మనిషికి ఏదో ఒకటి అయి ఉండాలి. మీ అమ్మకి ఫోన్ చేస్తే, పోనీలేమ్మా, నీకూ బరువు తగ్గుతుంది, ఈ వయసులో పరాయివాళ్ళకి చాకిరీ ఏమిటి అంది. తల్లి మీద ప్రేమతోనే అంది, దాన్నేమీ అనకు.

ఆసుపత్రి నుంచి వచ్చాక బట్టలు సర్దాను. కళ్ళజోడు పక్కన పెట్టి మరిచిపోతుందని, కాఫీలో పంచదార వేసినా వేయలేదంటుందని, సబ్బు వాసన పడదని ఒక్కొక్కటీ మేనల్లుడికి చెప్పాను. చూసుకుంటారులెండి అన్నాడు. నీకు ఈ ఉత్తరం అందేసరికి ఆవిడ అక్కడా నేను మనింట్లోనూ ఉంటాం. సెలవులకి వస్తే పై వాటాలోనే పడుకో. గాలి బాగా వస్తుంది. నన్ను ఓదార్చే పని మాత్రం పెట్టుకోకు, నీకు చేతకాదు, నాకు పడదు.

ఇట్లు,
నోరు తప్ప అన్నీ అరిగిపోయిన
మీ అమ్మమ్మ

తా.క. పైన ఒకచోట నీకు అబద్ధం రాశాను. ఎవరు ఏ పక్క అని తాళాలాయన అడిగినప్పుడు నేను నోరు తెరవకముందే మనావిడ జవాబు చెప్పేసింది. ఆ పూట ఏ ఊరొచ్చామో కూడా తెలియని మనిషి, నాది గోడవైపు, ఇది రాత్రుళ్ళు లేస్తుంటుంది, గోడవైపు పడుకోబెడితే నన్ను తొక్కుకుంటూ పోతుంది అంది. ఆ తర్వాతే నేను టీచర్లమనీ, ఇంకో మంచమనీ ఏదో అన్నాను. అతను ఇద్దరి మాటా విన్నాడు. మడతమంచం తెచ్చాడు, మంచినీళ్ళు తలుపువైపు పెట్టాడు, దీపం గోడవైపు జరిపాడు. మడతమంచం ఇంకా అలాగే ఉంది, విప్పలేదు. పై వాటాలో పరుపు ఇన్నేళ్ళయినా కొత్తదానిలాగే ఎందుకుందో మీ అమ్మ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నాకు పరవాలేదు.

మేనల్లుడికి ఇది కూడా చెప్పాను, ఆవిడ గోడవైపు పడుకుంటుందని. అక్కడన్నీ ఒంటి మంచాలేనండీ అన్నాడు.

భోజనమయ్యాక ఇద్దరం కాస్త నడుం వాల్చాం. ఇందాక మనావిడ మెలకువ వచ్చి నా వైపు తిరిగింది. మీరెవరండీ అంది. స్టాఫు రూములో పరిచయమైన మొదటిరోజు తర్వాత నన్ను మళ్ళీ మీరు అనడం ఇదే. ఏమీ అనుకోకండి, ఇక్కడ పడుకునే ఆవిడ ఇప్పుడే బయటికెళ్ళింది, వచ్చేస్తుంది, ఆ పక్క ఖాళీ చేయండి అంది. సరేనండీ అని లేచి, కుర్చీలో కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.