ఆయన తెర మీద అక్షరాలు

జూన్ 4

ఆయన మళ్ళీ స్క్రీన్‌కి ముక్కు ఆనించి కూర్చున్నారు. ప్రెస్సు వాళ్ళు ఇప్పుడు ఆయన దిద్దే ప్రూఫులు కంప్యూటర్లోకే పంపుతున్నారు. ఈ మధ్య ఈయన తప్పులు వదిలేస్తున్నారని ఓనరు మొహమాటపడుతూనే చెప్పాడట. అది విన్నప్పట్నించీ నాకు అన్నం సయించడం లేదు.

మధ్యాహ్నం ఆయన నడుం వాల్చాక అమ్మాయికి ఫోన్ చేశాను. కళ్ళ సంగతి డాక్టరు చూస్తాడు, అక్షరాల సంగతి మనం చూద్దాం అంది. ఆయన ప్రూఫులు చదివే ప్రోగ్రాం మన కంటికి ఎలా కనబడాలో రాసుకునే ఫైలు ఒకటి విడిగా ఉంటుందట. పేరు ముందు చుక్క ఉంటుంది, అందుకని మామూలుగా కనబడదట. ఫోన్లోనే దగ్గరుండి తెరిపించింది. ఫాంట్ సైజ్ పక్కన 14 ఉంది. 18 చేయించింది. ఆ అంకె తప్ప ఇంకేం కెలక్కమ్మా, నీకు దండం పెడతాను అంది.

జూన్ 5

ఆయన కూర్చున్నారు. చదువుకున్నారు. ఏమీ అనలేదు. నేనూ చెప్పలేదు.

జూన్ 19

22 చేశాను. ఒక్కదాన్నే.

జూన్ 27

కొంప ముంచాను. తెల్ల తెర కళ్ళలో పొడుస్తోందని, వెనక నలుపు, అక్షరాలు పసుపు చేద్దామని రంగుల లైన్లో వేలు పెట్టాను. తెరిచి చూస్తే అన్నీ మొదటికొచ్చాయి. చీమల్లాంటి అక్షరాలు. ఆయన స్నానానికి వెళ్ళారు, ఏ క్షణాన వస్తారో. ఫోన్ చేస్తే అమ్మాయి మీటింగ్ మధ్యలోంచి లేచి వచ్చి, ఆ లైను నాచేత చదివించుకుంది. కొటేషన్ గుర్తు ఎగరగొట్టేశావమ్మా, ఒక్క గుర్తు పోయినా ప్రోగ్రాం ఫైలు మొత్తం తిరగ్గొడుతుంది, అచ్చం నాన్నలాగే అంది. పెట్టాను. పసుపు అక్షరాలు వచ్చాయి. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగాను.

జూలై 8

డాక్టరు ఈ నెలలోనే కంటి ఆపరేషన్ చేయించుకోమన్నాడు. ఆలస్యమైతే తర్వాత చేసినా లాభం లేదన్నాడు. ఈయన నవ్వి, మీరిచ్చిన చుక్కల మందు భేషుగ్గా ఉంది సార్, స్క్రీన్ మీద అన్నీ కనబడుతున్నాయి, చూద్దాం లెండి అన్నారు.

కనబడేది మందు వల్ల కాదు. నా వల్ల. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

జూలై 11

ఆయన చూపు పోతే ఆ పాపం నాదే. ఆపరేషన్లో ఏదన్నా అయినా నాదే. ఎటు తిరిగినా నాదే. మళ్ళీ 14కి దించేస్తాను. అప్పుడు ఆయనకే తెలిసొస్తుంది. తిడితే తిట్టనీ.

జూలై 12, పొద్దున

ఫైలు తెరిచాను. నేను పెట్టింది 22.

అక్కడ 30 ఉంది.

ఈ మధ్య అక్షరాలు పెద్దగా అనిపిస్తే నా భ్రమ అనుకున్నాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

సాయంత్రం

అడిగేశాను. అక్షరాలు కూడా పిల్లల్లాగే, వాటంతటవే ఎదుగుతాయి అన్నారు. నేను నవ్వలేదు. అప్పుడు చెప్పారు. మొదటి రోజే తెలిసిందట. జన్మంతా ప్రూఫులు దిద్దినవాడికి అక్షరం సైజు తెలీదా అన్నారు. చాలడం లేదంటే నువ్వు హడలిపోతావని నేనే పెంచుకున్నాను అన్నారు.

మరి ఆపరేషన్ మాటేమిటన్నాను. ఉన్న కాస్త వెలుగూ ఆ బల్ల మీద పోతేనో అన్నారు.

ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

అంకె దించలేదు. ఫైలు మూసేశాను. ఓపిక లేదు.

జూలై 15

గుమ్మం దగ్గర్నించే కనబడింది. కళ్ళద్దాలు కూడా అక్కర్లేకపోయింది. తెర మొత్తానికి ఆయన టైపు చేసిన ఒక్క మాటే పట్టింది, పసుపు రంగులో.

వెళ్దాం.