తుమ్మలకుంటకు మే నెల సర్వే చెల్లదు

బోధన్,
సెప్టెంబరు మాసం.

లే అవుట్ అనుమతులు మంజూరు చేయు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎడపల్లి దారిలోని తుమ్మలకుంట వద్ద వేయుచున్న చిన్న నివాస వెంచర్‌కు ఎండాకాలంలో జరిపిన జీవావరణ సర్వేను పక్కనబెట్టి, కుంటలో నీళ్ళున్నప్పుడు తిరిగి సర్వే జరిపించుట గురించి, అంతవరకు అర్జీదారు సొంత ప్లాటుతో సహా అన్ని పనులు నిలుపుదల చేయుట గురించి.

బోధన్ పట్టణ నివాసి, ఆటో డ్రైవరు సీమోను భార్య రెబెకా తెలుపుకొనునది ఏమనగా: నేను బస్టాండు దగ్గర జెరాక్సు, టైపింగు దుకాణం నడుపుతున్నాను. ఊళ్ళోవాళ్ళ అర్జీలు ఎన్నో నా చేతుల మీదుగానే తమ కార్యాలయానికి వచ్చినవి. పింఛను ఆగినవాళ్ళవి, ఇంటి ముందు కరెంటు స్తంభం ఒరిగినవాళ్ళవి. వాటన్నింటిలో 'తమరు దయతలచి' అని కొట్టేదాన్ని. ఈ అర్జీ నా సొంతం. ఇందులో ఆ మాట ఉండదు. నేను దయ అడగడం లేదు.

1. సదరు వెంచర్‌పై అభ్యంతరం చెప్పేవాళ్ళు ఓర్వలేని బయటివాళ్ళని వెంచర్ యజమాని రాజశేఖర్ గారు తమకు విన్నవించినట్లు తెలిసినది. నేను బయటిదాన్ని కాను. అందులో నాకు ప్లాటు ఉన్నది, నా పేరు మీదనే రిజిస్టరయింది. పెళ్ళయినప్పటి నుంచి మేము కిరాయి ఇళ్ళలోనే ఉన్నాము. ఒక ఇంటివాళ్ళు కూతురు పురుటికి వస్తున్నదని ఖాళీ చేయమన్నారు. ఇంకొకరు మా ఇంట్లో వారం వారం ప్రార్థన కూడిక పెట్టుకుంటున్నామని ఖాళీ చేయమన్నారు. ప్లాటు రిజిస్టరయిన రోజు సీమోను తన ఆటోకు బంతిపూల దండ కట్టి, ఎక్కినవాళ్ళందరికీ "మాగ్గూడ జాగ అయింది" అని చెప్పుకుంటూ తిరిగాడు. ఇల్లంటే ఏమిటో తెలియక ఈ అర్జీ పెట్టడం లేదని తమరు గమనించాలి.

2. రికార్డులలో సదరు భూమి పట్టా భూమి. కుంట అని ఎక్కడా లేదు. అయినప్పటికీ అది పల్లం గనుక, చుట్టుపక్కల రైతులు అడిగినందున, తమ కార్యాలయం జీవావరణ సర్వే చేయించమన్నది. మే నెలలో హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చారు. ఆ రోజు మేము ప్లాటు చూసుకోవడానికి వెళ్ళి అక్కడే ఉన్నాము. నేల పగుళ్ళిచ్చి ఉన్నది. తుమ్మచెట్లకు ఆకులు కూడా సరిగా లేవు. ఆమె గొడుగు పట్టుకొని చుట్టూ తిరిగారు, ఫొటోలు తీశారు, దాహానికి మా సీసాలోని నీళ్ళే తాగారు. మంచి మనిషి. 'ఎండిపోయిన పల్లపు భూమి, ముళ్ళచెట్లు, చెప్పుకోదగ్గ జీవాలు లేవు' అని రాసి ఇచ్చారు. ఆమె అబద్ధం రాశారని నేను అనడం లేదు. అది నిజమే. కానీ మే నెలకు మాత్రమే నిజం.

3. జులైలో వానలు పడినవి. పై పొలాల నీళ్ళన్నీ దిగి కుంట నిండినది. ఇంటికి ముగ్గు పోసుకుందామని వెళ్ళినవాళ్ళం గట్టు మీదే ఆగిపోయాము. తుమ్మచెట్లన్నీ తెల్లగా ఉన్నవి. పూలనుకున్నాను, కొంగలు. ముక్కు పై సగమూ కింది సగమూ కలవక మధ్యలో సందు ఉండే పెద్ద కొంగలు. కొమ్మ కొమ్మకూ గూళ్ళు. పక్కనే వరి పొలం కౌలుకు చేసుకుంటున్న భూమవ్వ నన్ను చూసి నవ్వింది.

"ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్? గివి ఏటా ఒస్తయి. మా మళ్ళల్ల నత్తలన్ని గివ్వే ఏరుకతింటయి. పిల్లలు ఎగిరినంక పోతయి."

"మరి సర్వే అప్పుడు చెప్పలేదేందవ్వా?"

"నన్నెవ్వరు అడిగిండ్రు? అప్పుడు కొంగలు లేవు, నేను లేను. నాట్లప్పుడే గద నేనిక్కడుండేది."

4. మర్నాడే తమ కార్యాలయానికి వచ్చి, మళ్ళీ సర్వే చేయించమని కాగితం ఇచ్చాను. కౌంటరు దగ్గర కూర్చున్నాయన చదివి, "అమ్మా, గింత చిన్న వెంచర్‌కు అసలు సర్వేనే ఎక్కువ. ఇంకోటి ఎందుకు?" అన్నారు. అయ్యా, బోధన్ నుంచి ఎడపల్లి దాకా ఒకసారి వచ్చి చూడండి. చెరకు తోటలు పోయి ప్లాట్లయినవి. వాటిలో పెద్ద వెంచర్ ఒక్కటి కూడా లేదు. అన్నీ చిన్నవే. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ చిన్నవే. ఏ ఒక్కదానికీ రెండో సర్వే అక్కరలేకపోయింది.

రాజశేఖర్ గారు మా దుకాణానికే వచ్చి నవ్వుతూ అడిగారు: "అక్కా, కొంగలకు రిజిస్ట్రేషన్ ఉన్నదా?"

"వాటికి లేదు. నాకున్నది. అందుకే నేనడుగుతున్న" అన్నాను.

ఆ రోజు ఇంట్లో అన్నం ఎవరమూ సరిగా తినలేదు. సీమోను కంచం నెట్టి, "ఇల్లు ఇల్లని నువ్వే నా పానం తీసినవ్. ఇప్పుడు నువ్వే అడ్డంబడుతవా?" అన్నాడు. ఆయన అన్న దాంట్లో అబద్ధం లేదు.

5. ఆగస్టు చివరి ఆదివారం జరిగినది తమ దృష్టికి తెచ్చుట అత్యవసరం. చర్చిలో ఆరాధన ముగిసి మెట్లు దిగుతుండగా భూమవ్వ ఫోను చేసింది. "జల్ది రా బిడ్డా! చెట్లు కూలగొడుతున్నరు. పిల్లలు కింద పడుతున్నయి!" అని ఒర్లుతున్నది. క్షణంసేపు నేను మనుషుల పిల్లలనుకున్నాను. సీమోను ఆటో తీశాడు. ఇంకో రెండు ఆటోలలో చర్చి సంఘంవాళ్ళు వెంట వచ్చారు.

గట్టు వైపున్న తుమ్మచెట్లను జేసీబీ తోస్తున్నది. చెట్టు వేరుతో సహా లేచి నీళ్ళలోకి వాలినప్పుడు గూళ్ళు ముద్దలు ముద్దలుగా జారుతున్నవి. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు బురదలోకి దిగి, కొంగ పిల్లలను కొంగుల్లోకి ఏరుకుంటున్నారు. ఇంకా సరిగా ఈకలు రాలేదు వాటికి. తెల్లటి నూగు, పెద్ద నోళ్ళు. పైన తల్లికొంగలు తిరుగుతున్నవి. అరవడం లేదు. వాటికి అరుపు రాదట. ముక్కులు టకటకా కొట్టుకుంటున్నవి, అంతే. అయ్యా, ఆ చప్పుడును అర్జీలో ఎట్లా రాయాలో నాకు తెలియదు. ఎంతోమంది ఏడుపులు టైపు చేశాను, ఇది చేతకావడం లేదు.

నేను ఆదివారం చీరతోనే దిగి బండి ముందు నిలబడ్డాను. డ్రైవరు తల బయటపెట్టి, "జరుగక్కా, మీద పడ్తది" అన్నాడు.

"పడనీ. ముందుగాల దిగి సూడు, నీ బండి కిందేమున్నదో."

దిగాడు. టైరు పక్కన వంగి చూశాడు. ఆ మనిషి పేరు కృష్ణ అని తర్వాత తెలిసింది. లేచి, "ముండ్లచెట్లు తీసెయ్యిమన్నరక్కా. పిల్లలున్నయని ఎవ్వలు చెప్పలే" అన్నాడు. బండి ఆపేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అంతలోనే రాజశేఖర్ గారి ఫోను వచ్చింది. అందరం వినేటట్టు పెట్టాడు.

"ఏమైందిరా? బండెందుకు ఆగింది?"

"నేను చెట్లు కొట్ట సార్. ఇంకెవర్నన్న పిలుసుకోండ్రి."

ఈ జిల్లాలో ఆ రోజు నేను విన్న ఉత్తర్వు అదొక్కటే.

సీమోను అప్పటిదాకా రోడ్డు మీద ఆటోను ఆనుకొని నిలబడ్డాడు. తన ప్లాటు మీద వాలిన చెట్టును చూస్తున్నాడో, దాని కింద తడుముతున్న నన్ను చూస్తున్నాడో తెలియదు. ఉన్నట్టుండి ఆటో వెనక సీటు పీకి గట్టు మీద పెట్టాడు. చర్చికి వేసుకొచ్చిన చొక్కా విప్పి ఆ సీటు జాగాలో పరిచాడు. "ఇటియ్యుండ్రి, ఒక్కొక్కటిగా. నొక్కకుండ్రి" అన్నాడు. భూమవ్వ నత్తలు పగలగొట్టి గిన్నెలో పోసి ఇచ్చింది. పిల్లలను నిజామాబాదులో అటవీశాఖవాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు. దారిలో కొన్ని చచ్చిపోయినవి. తిరిగొచ్చి ఆటో కడుక్కొని, వాకిట్లో కూర్చొని అన్నాడు: "అర్జీ రాయి. నా పేరు గూడ పెట్టు."

కింద ఆయన సంతకం అందుకే ఉన్నది.

6. కుంట నడుమ ఉన్న చెట్లు ఇంకా నిలబడే ఉన్నవి. కూలిన గూళ్ళ కొంగలు కొన్ని వెళ్ళిపోయినవి, మిగతావి పిల్లలకు మేత తెస్తున్నవి. సర్వేకు వచ్చేవాళ్ళకు ఇంకా చూపడానికి ఉన్నది. నెల దాటితే పిల్లలు ఎగిరిపోతవి, కుంట మళ్ళీ ఖాళీగా కనబడుతుంది, మళ్ళీ 'చెప్పుకోదగ్గ జీవాలు లేవు' అని రాయవచ్చు. జాప్యం చేస్తే అదే తమ నిర్ణయమని నేను అనుకుంటాను.

7. ఇక దాచకుండా చెప్పవలసినది ఒకటి ఉన్నది. నాతోపాటు ప్లాటు కొన్న అనసూయమ్మ నిజామాబాదులో బీడీలు చేసి బతుకుతున్నది. మొన్న దుకాణానికి వచ్చి నలుగురిలో నిలదీసింది: "నీ కొంగల కోసం నా పిల్లలు కిరాయింట్ల సావాల్నా? నీకేం, ఇద్దరు సంపాయిస్తున్నరు!" ఆమె కోపం న్యాయమైనదే. కానీ ఆమెకు జవాబు చెప్పవలసింది నేను కాదు. ఆమెకు నీళ్ళను ప్లాట్లుగా కోసి అమ్మినవారు, వాటిని ఎండలో కొలిచి సరేనన్నవారు.

ఆ సాయంత్రమే రాజశేఖర్ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి నవ్వలేదు. "అక్కా, రోడ్డు మీది కార్నర్ బిట్ నీ పేరు మీద చేపిస్త. అది మెరక, సుక్క నీళ్ళు రావు. అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెట్టు" అన్నారు.

"మెరక, పల్లం నీకు మొదట్నించే తెలుసన్నట్టు. ఆ కార్నర్ బిట్ అనసూయమ్మకియ్యి" అన్నాను.

ఇయ్యలేదు.

కావున నేను కోరునది: కుంట నిండి ఉండగానే మళ్ళీ సర్వే జరగాలి. సర్వేకు వచ్చినవారు భూమవ్వను, కలుపు తీసే ఆడవాళ్ళను అడగాలి. వెంచర్ చిన్నదన్న కారణం చూపి సర్వే మానరాదు. నీళ్ళున్నంత మేర, చెట్లున్నంత మేర ప్లాట్లు రద్దు చేసి, దానిని కుంటగా రికార్డులలో ఎక్కించాలి. అందులో నా ప్లాటు పోతుంది. పోనివ్వండి. ఆ మాట మా ఇద్దరి సంతకాలతో ఇస్తున్నాము. అయితే పోగొట్టుకున్న అందరికీ రాజశేఖర్ గారి మెరక భూమిలోనే జాగ ఇప్పించాలి, మొదట అనసూయమ్మకు. ఇది ఉపకారం కాదు, హక్కు.

పై సంగతులన్నీ తమరు బల్ల మీద కాక, గట్టు మీద నిలబడి చిత్తగించవలెను.

ఈ ఒక్క విషయంలో తప్ప
తమ విధేయురాలు,
రెబెకా

సహ అర్జీదారు: సీమోను

తా.క.: సార్, పైదంతా టైపు చేసి మడత పెడుతుంటే కృష్ణ ఫోను చేసిండు. అతన్ని పనిలకెల్లి తీసేసిండ్రట. ఈ ఆదివారం పొద్దున వేరే బండి, వేరే డ్రైవరు వస్తున్నరట. మేము చర్చిల జమ అయ్యే టైం చూసుకొనే పెట్టుకున్నరు. మా పాస్టరమ్మకు చెప్పిన. ఈ ఆదివారం ఆరాధన తుమ్మలకుంట గట్టు మీదనే. భూమవ్వ బతుకమ్మ ఆడే ఆడోళ్ళందరిని తోలుకొస్తనన్నది. మీరు గూడ రాండ్రి. పాటలు పెద్దగ పాడం, పిల్లలు బెదురుతయి. చెప్పులు చేతుల పట్టుకొని రావాలె, మస్తు బురద. కుర్చీలుండయి. బండి ముందట కూసునుడే.